ఎట్ల కొట్టాలన్నా? పటాన్‌చెరు సెలూన్ కుర్చీ దాకా మన తలల చరిత్ర

ఇస్నాపూర్ చౌరస్తాలో ఆదివారం పొద్దున ఏ సెలూన్ ముందు నిలబడ్డా కనబడే దృశ్యం ఒకటుంది. నైట్ షిఫ్టు దిగిన పిల్లగాడు సెల్‌ఫోన్‌లో ఒక హీరో ఫొటో తీసి చూపెడతాడు. కత్తెర పట్టుకున్న మనిషి ఆ ఫొటో చూసి, పిల్లగాడి మొఖం చూసి, "ఇది నీకు నప్పదన్నా. నీది గుండ్రటి మొఖం. పక్కలు తగ్గించి పైన ఉంచుదాం" అంటాడు. గుండ్రటి మొఖానికి పైన కొంచెం ఎత్తు కావాలి. కోల మొఖానికి పక్కలు మరీ తీసెయ్యగూడదు. నుదురు పెద్దదైతే ముందుకు కొంత జుట్టు వదలాలి. ఉంగరాల జుట్టు తడిమీద పొడుగ్గా కనబడుతుంది, ఆరితే పైకి లేస్తుంది, అందుకని చూసుకుంటూ తక్కువ తక్కువ కొయ్యాలి. ఇవన్నీ చేతిపని తెలిసినవాళ్ళు చెప్పే మాటలు. వాటిలో తప్పేమీ లేదు.

కాని ఈ సలహాలన్నీ మూడు సంగతులు ముందే ఉన్నాయని అనుకుంటాయి. కూర్చోవడానికి ఒక కుర్చీ, ఎదురుగా ఒక అద్దం, "ఎట్ల కొట్టాలన్నా?" అని అడిగే ఒక మనిషి. మా నాయనలకు ఊళ్ళో ఈ మూడూ లేవు. వాళ్ళకు ఎదురైన ప్రశ్న వేరు. "ఎవరి పోరనివిరా?" అన్నదే ఆ ప్రశ్న. దానికి జవాబు చెప్పినంక రెండో ప్రశ్న ఉండేది కాదు. మొదటి ప్రశ్న నుంచి రెండో ప్రశ్న దాకా మన తలలు నడిచిన దారి ఏమిటి? ఆ దారిలో కంపెనీల జీతం ఎంత, చట్టం ఎంత, పోరాటం ఎంత? ఇది చిన్న విషయం అనిపించొచ్చు. చిన్న విషయాల్లోనే కులం రోజూ బతుకుతుందని మేం అనుకుంటున్నాం. అందుకే రాస్తున్నాం.

ఊరి కత్తెర ఎవరిది?

ఊళ్ళో మంగలి పని రోజువారీ కూలి పని కాదు. కాపుదనం ఉన్న ఇండ్లు పంట మీద ఏడాదికింత అని గింజలు కొలిచేవి. దాన్నే మేర అన్నారు. ఆ గింజలకు బదులుగా గడ్డం, జుట్టు, గోళ్ళు, పెండ్లిలో సన్నాయి, చావులో క్షవరం, వాళ్ళ ఇంటి ఆడవాళ్ళు చేసే పురుళ్ళు. చాలా ఊళ్ళలో ఈ లెక్కలో మాలవాడ, మాదిగవాడ లేవు. చావుకబురు మొయ్యడానికి వాడ కావాలి, చచ్చిన పశువును ఎత్తడానికి కావాలి, కల్లంలో చాకిరికి కావాలి. కత్తెర దగ్గరకొచ్చేసరికి మాత్రం వాడ ఊరిది కాదు. మాదిగ చేతులు కుట్టిన చెప్పు తొడుక్కున్న ఊరు, మాదిగ తలకు తగిలిన కత్తెరను తాకనన్నది.

ఇక్కడ మేం ఒక మాట స్పష్టంగా చెప్పదలుచుకున్నాం. ఈ నేరం మంగలి ఒక్కడి నెత్తిన పెట్టి చేతులు దులుపుకోవడం అగ్రకులాలకు సుఖం, మనకు నష్టం. నిజాం కాలపు తెలంగాణలో మంగలి కూడా వెట్టి చేసినవాడే. దొర గడీలో ఒళ్ళు పిసికినవాడు, గస్తీకొచ్చిన అధికారికి పిలవంగనే ఉరికినవాడు. వాడకు పోయి ఒక్క తల ముట్టుకుంటే ఊరంతా అతని మేర ఆపేస్తుంది. ఆ భయం కత్తెర కన్నా పదును. అందరికంటే కింద వాడ ఉన్నదని చూపించి, మధ్యనున్న కులాన్ని తన కాపలాదారుగా వాడుకోవడం కులవ్యవస్థ పాత తెలివి. 1946–51 సాయుధ పోరాటం వెట్టిని దెబ్బతీసింది. అంతమాత్రాన ఊరి కత్తెర వాడకు నడిచి రాలేదు.

మరి మావాళ్ళ జుట్టు ఎవరు కత్తిరించారు? వాళ్ళకు వాళ్ళే. వాడలో చెయ్యి తిరిగిన ఒకరిద్దరు ఉండేవాళ్ళు. చెట్టు కిందనో, గడప ముందో మోకాళ్ళ మీద కూర్చోబెట్టి, ఉన్న కత్తెరతో, బండ మీద నూరిన కత్తితో పని కానిచ్చేవాళ్ళు. అద్దం ఉండేది కాదు. ఎదుటివాడి నవ్వే అద్దం. అందరిదీ ఒకటే తీరు. వెనక్కి చూస్తే ముంత బోర్లించి కోసినట్టుండే డిప్ప కటింగ్. అయినా దాన్ని చూసుకునే తీరికెక్కడిది? నెత్తి మీద ఎరువు తట్ట, కట్టెల మోపు, ఇటుకల చుట్ట. మోత మోసే నెత్తికి పాపిట నిలవదు. దొర ఎదురైతే తలకు చుట్టిన తువ్వాల తీసి చంకలో పెట్టుకోవాలి. మన తల మన చేతిలో లేని కాలం అది.

ఇద్దరు మనుషులు, రెండు కత్తెరలు

ఈ అనుభవం ఒక్క మన జిల్లాది కాదు. గాంధీ తన ఆత్మకథలో ఒక సంగతి చెప్పుకున్నాడు. దక్షిణాఫ్రికాలోని ప్రిటోరియాలో ఒక ఇంగ్లీషు మంగలి ఆయనకు జుట్టు కత్తిరించనన్నాడు. ఆయన క్లిప్పరు కొనుక్కొని, అద్దం ముందు నిలబడి, తనే కోసుకున్నాడు. ముందు బాగానే వచ్చింది, వెనక చెడిపోయింది. కోర్టులో మిత్రులు చూసి నవ్వారు. ఆ మంగలిది తప్పు కాదని గాంధీ అంటాడు. నల్లవాళ్ళకు చేస్తే అతని గిరాకీ పోతుంది. మన దేశంలో మన మంగళ్ళను అంటరానివాళ్ళకు చెయ్యనివ్వం గదా, దానికి ఫలితమే నాకు దక్కిందని కూడా ఒప్పుకుంటాడు. అంటే ఈ సంగతి ఆయనకు తెలుసు. తెలిసి రాసిన ఈ రెండు మాటలను మన పాఠ్యపుస్తకాలు పక్కన పెట్టి, ఆయన నిరాడంబరతను మాత్రం మనచేత వల్లె వేయించాయి.

అంబేద్కర్ 'వెయిటింగ్ ఫర్ ఎ వీసా'లో తన చిన్నతనం గురించి రాసిన పేజీలు ఈ కథకు రెండో వైపు. సతారాలో మంగళ్ళు లేక కాదు, ఇచ్చుకోవడానికి డబ్బులు లేక కాదు. అంటరాని పిల్లల తల ముట్టుకునే మంగలి లేడు. అందుకని ఇంట్లో అందరికీ పెద్దక్కే జుట్టు కత్తిరించేది. చేసీ చేసీ ఆమె చెయ్యి ఆ పనిలో ఆరితేరింది. గాంధీకి ఒక పరాయి దేశంలో జరిగిన అవమానం, అంబేద్కర్‌కు సొంత ఊళ్ళో బాల్యమంతా ఉన్న ఏర్పాటు. ఒకరి చేతిలో కొనుక్కున్న క్లిప్పరు, ఇంకొకరి వెనక అక్క చేతి కత్తెర. మా వాడల్లో ప్రతి ఇంటికీ అలాంటి ఒక అక్కో, బాబాయో ఉన్నారు. వాళ్ళ పేర్లు ఏ చరిత్ర పుస్తకంలోనూ లేవు.

కోసుకునే హక్కు లేకపోవడం ఒకటి, కోసుకోగూడదనే హుకుం ఇంకొకటి. 1930 డిసెంబరులో తమిళ దేశంలోని రామనాథపురం జిల్లాలో కళ్ళర్ కులస్తులు ఆదిద్రావిడుల మీద ఎనిమిది నిషేధాలు పెట్టారు. బంగారం, వెండి వేసుకోగూడదు. మగవాళ్ళు మోకాలు దిగి బట్ట కట్టగూడదు. చొక్కా, బనీను తొడగగూడదు. వాటిలోనే ఒకటి, క్రాపు చేయించుకోగూడదు. 1931 జనాభా లెక్కల కమిషనర్ హట్టన్ కులం మీద రాసిన పుస్తకంలో ఈ జాబితా ఉన్నది. ఆ రోజుల్లోనే మన బ్రాహ్మణ ఇండ్లల్లో పిలక తీసేసి క్రాపు పెట్టుకున్న కుర్రవాడు సంస్కర్త అనిపించుకుంటున్నాడు. ఒకరి తల మీద సంస్కరణ అయిన క్రాపు ఇంకొకరి తల మీద నేరమైంది. కేశాలంకరణ చరిత్ర రాసేవాళ్ళు ఈ రెండింటినీ పక్కపక్కన పెట్టి చూడాలి.

దుకాణం అంటే ఏమిటి?

1948 నవంబర్ 29న రాజ్యాంగ సభలో వివక్ష నిషేధపు అధికరణం చర్చకొచ్చింది. అందులో దుకాణాలు అనే మాట ఉన్నది. దాని అర్థం ఎంతవరకు అన్న ప్రశ్న లేచింది. అంబేద్కర్ జవాబు సారాంశం ఇది: దుకాణం అంటే లోపలికి రానివ్వడం వరకే కాదు, షరతులకు ఒప్పుకున్న ఎవరికైనా సేవ అందించాల్సిన చోటు అని విశాలమైన అర్థంలో తీసుకోవాలి. పెద్దక్క చేత జుట్టు కత్తిరించుకున్న పిల్లగాడు పెద్దవాడై సభలో నిలబడి ఈ అర్థం చెప్పాడు. ఇది తెలిసి చదివితే ఆ పొడి చట్టపు భాషలో కూడా ఒక ఇంటి గడప కనబడుతుంది.

1955 అస్పృశ్యత నేరాల చట్టం ఈ అర్థానికి పేరు పెట్టింది. దుకాణం నిర్వచనంలో లాండ్రీని, క్షౌరశాలను ప్రత్యేకంగా చేర్చింది. ఆ చట్టమే 1976 సవరణతో పౌరహక్కుల పరిరక్షణ చట్టమైంది. దాని ఆరో సెక్షన్ ప్రకారం, మామూలుగా ఇతరులకు ఏ వేళ, ఏ చోట, ఏ షరతుల మీద సేవ చేస్తున్నారో అంటరానితనం కారణంగా అదే సేవను నిరాకరిస్తే నెల నుంచి ఆరు నెలల జైలు, దాంతోపాటు 100 నుంచి 500 రూపాయల జరిమానా. అదే వేళ, అదే చోట, అవే షరతులు. ఈ మూడు మాటలు గుర్తుంచుకోవాలి. వాడలో వేరే చోట చేస్తానన్నా, పొద్దుగూకినంక రమ్మన్నా, వేరే కత్తెర పెట్టినా ఈ మాటలతోనే కొలవాలి.

చట్టం అయితే ఉన్నది. ఊళ్ళో కేసు పెట్టేదెవరు? పెడితే పొద్దున కూలికి పిలిచేదెవరు? చట్టం చెయ్యలేని పని మన ప్రాంతంలో కొంతవరకు రోడ్డు చేసింది.

పారిశ్రామికవాడ

ఊరికి వాడ ఉన్నట్టే నగరానికీ ఒక వాడ పుట్టింది. 1960లలో రామచంద్రాపురంలో బిహెచ్‌ఇఎల్ వచ్చింది. 1972లో పటాన్‌చెరు పక్కన ఇక్రిశాట్ వచ్చింది. మెదక్ వెనకబడిన జిల్లా అని ఇచ్చిన రాయితీల కోసం, హైదరాబాద్ పొలిమేర దాటీ దాటగానే బొంబాయి రోడ్డు వెంబడి 1970ల నుంచి కంపెనీలు లేచాయి. 1980లో ఇందిరాగాంధీ మెదక్ నుంచి లోక్‌సభకు గెలిచింది. 1980లలోనే ఎద్దుమైలారంలో ఆయుధాల కర్మాగారం వచ్చింది. పటాన్‌చెరు, బొల్లారం, పాశమైలారం, జిన్నారం, గడ్డపోతారం, ఖాజీపల్లి అన్నీ ఒకే పొగ కింద ఊళ్ళయ్యాయి. దీనికి పారిశ్రామికవాడ అని పేరు. పేరు సరిగ్గానే పెట్టారు. ఊరు తన మురికిని వాడ వైపు తోసినట్టే నగరం తన మురికిని ఇటు తోసింది. నక్కవాగు నీళ్ళు చెడినయ్, చెరువులు చెడినయ్, 1990లో ఈ కాలుష్యం కేసు సుప్రీంకోర్టుకు పోయింది. మన భూములు, మన నీళ్ళు, మన ఊపిరితిత్తులు ఈ అభివృద్ధికి కట్టిన ధర మేం మరిచిపోలేదు.

అయినా ఒక మాట ఒప్పుకోవాలి. ఆ రోడ్డు మీద మావాళ్ళకు మొదటిసారి నెల జీతం దొరికింది. కాంట్రాక్టు కూలీ అయినా, క్యాజువల్ అయినా, చేతిలో పడింది గింజలు కాదు, నోట్లు. గేటు పాసుకు ఫొటో కావాలన్నారు. ఐటిఐ దరఖాస్తుకు ఫొటో కావాలన్నారు. ఫొటో దిగాలంటే తల చక్కగా ఉండాలి. ఫొటో స్టూడియో పక్కనే సెలూన్ ఉన్నది. అందులోకి అడుగుపెట్టిన ఆ తరం మగవాళ్ళను అడిగి చూడండి. తిరిగే కుర్చీ, ముందొకటి వెనకొకటి అద్దాలు, మెడకు చుట్టిన తెల్లబట్ట, రేడియో పాట. తన మెడ వెనక భాగం తను చూసుకోవడం మనిషికి ఎంత వింత!

గోడకు రేట్ల బోర్డు ఉంటుంది. కటింగ్ ఇంత, గడ్డం ఇంత, పిల్లలకు ఇంత. ఆ బోర్డు మీద కులం పేరు లేదు. మేరకూ ఈ బోర్డుకూ ఉన్న తేడాయే మన చరిత్రలో పెద్ద మలుపు. మేర మనిషిని చూసి కొలుస్తుంది. బోర్డు తలను చూసి కొలుస్తుంది. ఆ బోర్డు కింద కూర్చున్నవాడినే "ఎట్ల కొట్టాలన్నా?" అని అడిగారు. చెవులు కప్పే హిప్పీ, అమితాబ్ తీరు నడిమి పాపిట, స్టెప్ కటింగ్, మిలటరీ కటింగ్. మావాళ్ళు వాటి మీద మోజు పడ్డారని పెద్దమనుషులు ఎగతాళి చేశారు. కూలోడికి హీరో వేషాలెందుకని అన్నారు. ఆ ఎగతాళిలో కడుపుమంట ఉన్నది. తువ్వాల తీసి చంకలో పెట్టుకున్నవాడి కొడుకు, తల దువ్వుకొని, దువ్వెన జేబులో పెట్టుకొని, ఊరి నడిమి నుంచి నడిచి వస్తున్నాడు. అది వేషం కాదు. తన తల తనదని ఊరికి చెప్పడం.

ఎవరూ ఎరగని చోటు

సెలూన్ కులాన్ని చంపిందని మాత్రం మేం అనం. సెలూన్ ఇచ్చింది సమానత్వం కాదు, ఎవరూ ఎరగనితనం. పటాన్‌చెరులో కుర్చీ దొరికింది నువ్వెవరో తెలియదు గనక. తెలుసుకోవాలన్న ఆరాటం అక్కడా ఉన్నది. "ఏ ఊరన్నా?" దాని తర్వాత, "ఊర్లె యాడుంటరు?" దాని తర్వాత, "ఫలానాయన మీకేమైతడు?" ఈ మూడు మెట్లెక్కితే కులం దొరుకుతుంది. అందుకే మావాళ్ళలో చాలామంది సొంత ఊరి మనిషి నడిపే సెలూన్ వదిలేసి, నాలుగు దుకాణాలు దాటి పోయి కూర్చున్నారు. బీహారు, ఉత్తరప్రదేశ్ నుంచి వచ్చిన పిల్లలు కత్తెర పట్టిన దుకాణంలో ఈ మెట్లు లేవు. అక్కడి పిల్లగాడికి మన ఊరు తెలియదు, మన ఇంటిపేరు తెలియదు.

కంపెనీలో వారమంతా మనిషై, ఆదివారం ఊరికి పోగానే మళ్ళీ వాడమనిషి కావడం ఈ ప్రాంతపు దళిత కార్మికుడి బతుకు. 2006లో వచ్చిన ఒక పెద్ద సర్వే పుస్తకం 11 రాష్ట్రాల్లో 565 ఊళ్ళు చూసి, దాదాపు సగం ఊళ్ళలో మంగలి సేవ దళితులకు అందడం లేదని తేల్చింది. మన రాష్ట్రంలో జస్టిస్ పున్నయ్య కమిషన్, 1998లో మొదలైన కులవివక్ష వ్యతిరేక పోరాట సంఘం, ఎన్నో దళిత సంఘాలు రెండు గ్లాసులతో పాటు కత్తెర వివక్షను కూడా లెక్కలోకి తెచ్చాయి. రెండు గ్లాసులు ఫొటోలో కనబడతాయి. కత్తెర వివక్ష ఫొటోకు దొరకదు. "కరెంటు లేదు", "ఇప్పుడే కట్టేస్తున్నా", "రేపు రా" అనే మాటల్లో అది దాక్కుంటుంది. దాన్ని పట్టుకోవాలంటే అడిగి రాసుకోవడం ఒక్కటే దారి.

సాంఘిక సంక్షేమ హాస్టళ్ళ సంగతీ ఇందులో భాగమే. అక్కడి మగపిల్లల కటింగ్‌కు సర్కారు విడిగా డబ్బులిస్తుంది. అది మంచిదే. కాని ఎట్ల కావాలని పిల్లవాడిని అడిగే మాట ఆ లెక్కలో లేదు. పిల్లలను వరసలో కూర్చోబెట్టి అందరికీ ఒకే కటింగ్ చేస్తే అది శుభ్రత అవుతుంది గాని గౌరవం కాదు. హాస్టల్‌లో చదివిన మాలో చాలామందికి మొదటిసారి అద్దంలో చూసుకొని "కొంచెం పైన ఉంచు" అని చెప్పేసరికి డిగ్రీ వయసొచ్చింది.

ఆడవాళ్ళ జుట్టు చరిత్ర వేరుగా రాయాలి. మన ఆడవాళ్ళకు ఊరి కత్తెరతో పని పడలేదు, ఊరి చేతితో పడింది. కొప్పు పట్టి ఈడ్వడం దొరల భాష. ఇంకోవైపు బ్రాహ్మణ వితంతువుల తలలు గొరిగించిన ఆచారం ఉన్నది. 1890లో బొంబాయిలో పూలే అనుచరుడు నారాయణ్ మేఘాజీ లోఖండే మంగళ్ళను కూడగట్టి, ఇక వితంతువుల తలలు గొరగబోమని వాళ్ళచేత చెప్పించాడు. కత్తెర పట్టినవాడు కాదంటే శాస్త్రం ఆగిపోతుందని చూపించిన ఘటన అది. మంగలి కులవ్యవస్థకు కాపలాదారే కాదు, దాన్ని కాదనగలిగినవాడు కూడా. మనం అతనితో మాట్లాడాల్సింది ఈ చరిత్ర చేతిలో పట్టుకొని.

బలవంతపు గుండు

ఎంచుకోవడం అంటే ఏమిటో తెలియాలంటే, ఎంచుకోనివ్వకపోవడం ఎంత దూరం పోతుందో చూడాలి. 1996 డిసెంబర్ 29న తూర్పు గోదావరి జిల్లా వెంకటాయపాలెంలో దళిత యువకులను హింసించి, వాళ్ళలో ఇద్దరికి శిరోముండనం చేశారు. విశాఖపట్నంలోని ప్రత్యేక కోర్టు నేరం రుజువైందని తీర్పు చెప్పింది 2024 ఏప్రిల్‌లో. 27 ఏండ్లు దాటింది. గొరిగిన జుట్టు కొన్ని నెలల్లో మొలిచింది, న్యాయం మొలవడానికి ఒక తరం పట్టింది. 2020 జూలైలో అదే జిల్లా సీతానగరం పోలీస్ స్టేషన్‌లో ఒక దళిత యువకుడికి గుండు గీయించారు. బలవంతంగా తల గొరగడం, మీసం తీసేయడం అత్యాచారాల నిరోధక చట్టంలో 2015 సవరణతో పేరుపెట్టి నేరమయ్యాయి. తిరుపతిలో మొక్కుకొని ఇచ్చుకునే తలనీలాలు, స్టేషన్‌లో గీసే గుండు కంటికి ఒకటే. ఒకటి మనిషి ఇష్టం, ఇంకొకటి మనిషి మీద ముద్ర. మనకు నప్పే కటింగ్ ఏదన్న ప్రశ్న ఎంత బరువైనదో ఈ తేడా చెబుతుంది.

ఇక చెయ్యాల్సిన పని

ఇవ్వాళ సెలూన్ నాయీ బ్రాహ్మణులకు బతుకుదెరువు. ఏసీ గదుల గొలుసు దుకాణాలు వాళ్ళ గిరాకీని లాక్కుంటున్నాయి. 2021లో తెలంగాణ ప్రభుత్వం సెలూన్లకు నెలకు 250 యూనిట్ల కరెంటు ఉచితం అన్నది. అది వాళ్ళ హక్కు, మేం సమర్థిస్తాం. అదే గొంతుతో ఇంకో మాట అడుగుతాం. ఊళ్ళో కూడా ఆ కుర్చీ అందరిదీ కావాలి. మేర పోయింది, దొర గడీ పోయింది, ఇప్పుడు మీ దుకాణాన్ని నిలబెడుతున్నది మా చేతి నోటు కూడా. దళిత సంఘాలు, నాయీ బ్రాహ్మణ సంఘాలు ఒకచోట కూర్చొని, మండలం మండలానికి ఊరి సెలూన్ల మీద మాట తీసుకోవాలి. మాటతో కానిచోట ఆరో సెక్షన్ ఉన్నది.

విద్యార్థులకు, టీచర్లకు మా విన్నపం ఒకటి. మీ ఇంట్లో పెద్దవాళ్ళను కూర్చోబెట్టుకొని నాలుగు సంగతులు అడగండి. చిన్నప్పుడు నీ జుట్టు ఎవరు కత్తిరించారు? ఎక్కడ కూర్చోబెట్టి? మొదటిసారి సెలూన్ కుర్చీలో కూర్చున్నది ఏ ఊళ్ళో, ఏ పనికి పోయినప్పుడు? ఊరి దుకాణంలో ఎప్పుడు కూర్చున్నావు, కూర్చున్నావా? చెప్పింది చెప్పినట్టు, వాళ్ళ మాటల్లోనే రాసిపెట్టండి. పటాన్‌చెరు కంపెనీల చరిత్ర యజమానుల ప్రారంభోత్సవ శిలాఫలకాల మీద ఉన్నది. ఆ కంపెనీల్లో చేసినవాళ్ళ చరిత్ర ఈ నాలుగు జవాబుల్లో ఉన్నది. ఆ తరం వెళ్ళిపోకముందే రాసుకోవాలి.

ఇస్నాపూర్ చౌరస్తా పిల్లగాడికి గుండ్రటి మొఖానికి ఏ కటింగ్ నప్పుతుందో సెలూన్ మనిషి చెబుతాడు. ఆ ఫొటోలో హీరో లెక్క కొట్టించుకున్నా, తన లెక్క కొట్టించుకున్నా అది అతని ఇష్టం. మేం కోరేది ఒకటే. వచ్చే పండక్కి ఊరికి పోయినప్పుడు, బస్సు దిగంగనే రోడ్డు పక్కన ఉన్న ఆ చిన్న సెలూన్‌లో అతను కూర్చోవాలి. తన పేరు, ఇంటిపేరు, తండ్రి పేరు అన్నీ ఎరిగిన మనిషి మెడకు బట్ట చుట్టి అడగాలి, "ఎట్ల కొట్టాలె తమ్మీ?" అని.